అమ్మోరి చెరకు పీకిన అప్పలమ్మ

మా నాయనమ్మ అప్పలమ్మకి కోపం ఎక్కువని ఊరంతా అనేవారు. నేను ఒప్పుకోను. కోపం ఎక్కువైన మనిషికి కోపం వస్తుంది, పోతుంది. మా నాయనమ్మకి రావడమే గాని పోవడం నేను చూడలేదు. పొద్దున్నే పొయ్యి రాజేసేటప్పుడు దాంతోపాటు కోపాన్నీ రాజేసుకునేది. పొగ మీద కోపం, వాన మీద కోపం, కూలీల మీద పెత్తనం చేసే ఎస్టేటు సిర్దారు మీద కోపం, తనకంటే ముందు చచ్చిపోయినందుకు మా తాత మీద కోపం. ఎవరూ దొరక్కపోతే కోడి మీద. ఇంత కోపమున్న మనిషి కాచిన అంబలి అంత కమ్మగా ఎలా ఉండేదో నాకు ఇప్పటికీ తెలీదు.

బ్రిజే వెర్దియేర్‌లో అంటే సముద్రం నడుమ చెరకు తోటల దీవిలో ఉన్న మా ఊళ్ళో, ఆ రోజుల్లో తెలుగువాళ్ళ ఇళ్ళు గుప్పెడు. అందరి పెద్దలూ విశాఖపట్నం వైపు నుంచి కూలి ఒప్పందం మీద ఓడెక్కి వచ్చినవాళ్ళే. నాయనమ్మ ఎస్టేటు కూలీల క్యాంపులో పుట్టింది. గడ్డి కప్పు, మట్టి నేల, తెల్లారకుండానే సిర్దారు కొట్టే గంట. అక్కడే పెరిగింది, అక్కడే పెళ్ళాడింది, అక్కడే మా నాన్నను కన్నది. ఎస్టేటువాళ్ళు అంచున ఉన్న పనికిరాని నేలను ముక్కలు చేసి అమ్ముతున్నారని తెలిసి తాతా ఆవిడా కలిసి రెండు అర్పాన్లు కొన్నారు. అర్పాన్ అంటే ఎకరానికి పిసరంత ఎక్కువ. పేరుకి నేల కొన్నారు గాని నిజానికి రాళ్ళు కొన్నారు. ఆ నల్లరాళ్ళన్నిటినీ చేతుల్తో ఏరి చేను మధ్యలో గుట్టగా పేర్చారు. గుట్టెక్కి కూర్చుంటే ఎస్టేటు మిల్లు పొగగొట్టం కనబడేది. నాయనమ్మ మధ్యాహ్నం అన్నం అక్కడే తినేది. దాని మొహం చూస్తూ తింటే ముద్ద సుఖంగా దిగుతుందట.

తాత పోయాడు. ఆ తరువాత యుద్ధం అయిపోయిన ఏడాది వచ్చిన పెద్ద జ్వరాల్లో మా నాన్న కూడా పోయాడు. ఇంట్లో మిగిలింది నాయనమ్మ, మా అమ్మ రుక్మిణి, చంటిపిల్లనైన నేను. నా పేరు మంగమ్మ. ఆ చేను ఉన్నన్నాళ్ళు మా ఇల్లు మాది, మా పొయ్యి మాది. చేను పోతే మళ్ళీ క్యాంపు, మళ్ళీ సిర్దారు గంట. నాయనమ్మ ఆ తరువాత చేసిన పనులన్నీ ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, అర్థమవుతాయి. ఊరివాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. అయినా అర్థం చేసుకోలేదంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆవిడ మనవరాలినే కదా.

మా చేను గట్టు అవతల అమ్మోరి చేను. రేకుల కప్పున్న చిన్న గుడి, దాని వెనక గుడికి రాసిచ్చిన చెరకు చేను. ఊళ్ళో అందరూ తలో చెయ్యి వేసి ఊరికే పనిచేసేవారు. దాని మీద వచ్చిందాంతో అమ్మోరి పండగ జరిగేది. ఊళ్ళో ఎవరు కొత్తగా తోట వేసినా మొదటి వరసకి చెరకు ముచ్చెలు, అంటే పాతడానికి కొట్టిన గడ ముక్కలు, అమ్మోరి చేలోంచే తీసుకోవాలి. అది మావాళ్ళ ఆచారం. కోతలు అయ్యాక ఒక రోజు డప్పులు కొట్టి ముచ్చెలు పంచేవారు. గుడిలో పూజ చేసేదీ, భజన నడిపేదీ పెంటయ్య. ఆయన ముచ్చెలకి పసుపు రాసి, కొత్త గుడ్డలో చుట్టి, ఒక్కొక్కరి చేతుల్లో పెట్టేవాడు. మొదటి వరస తల్లిది, మిగతాది మీది అనేవాడు. ఆ ముచ్చెలు లేకుండా తోట వేసిన మొనగాడు మా ఊళ్ళో లేడు. నాయనమ్మ కూడా కళ్ళకద్దుకుని పట్టుకెళ్ళి పాతిందే. భక్తిలో ఆవిడ ఎవరికీ తీసిపోదు. పండగనాడు ఘటం ముందు ఆవిడ పాడుతుంటే మగవాళ్ళు కూడా నోరు మూసుకుని వినేవారు.

నాకు ఊహ తెలిసే ఏడు, కొత్తగా వేసిన తోటల్లో ఆకులు తేడాగా కనిపించాయి. పచ్చటి ఆకు మీద పాలిపోయిన సన్నటి గీతలు, మధ్యమధ్య తెగి చుక్కల్లా. ఎండకి ఎత్తి పట్టుకుంటే ఆకు నిండా పొక్కులు పోసినట్టు ఉండేది. అందరి తోటల్లోనూ మొదటి వరసలోనే మొదలైంది. పెంటయ్య వచ్చి ఒక ఆకు చూశాడు. తలపాగా తీసేశాడు. చెప్పులు లేని మనిషి, ఉంటే అవీ విప్పేవాడే.

"అమ్మోరు పోసింది," అన్నాడు.

మనిషి ఒంటి మీద పొక్కులు లేస్తే మావాళ్ళు జబ్బు అనరు, తల్లి వచ్చిందంటారు. వచ్చిన తల్లిని కదిలించకూడదు. ఇంట్లో తాలింపు పెట్టకూడదు, ఇనుము తగలకూడదు, గోళ్ళు తీయకూడదు. వేపమండలు కట్టి, చల్లని అంబలి పెట్టి, తనంతట తాను వెళ్ళేదాకా చేతులు కట్టుకుని ఉండాలి. ఇప్పుడు తల్లి చెరకు మీదికి వచ్చింది గనక చెరక్కీ అవే మర్యాదలు. చేలకి నాలుగు మూలలా వేపమండలు కట్టారు. పసుపునీళ్ళు చల్లారు. ఆడవాళ్ళు కుండలతో మజ్జిగ తెచ్చి దుబ్బు దుబ్బుకీ పోశారు, చెరక్కి చలవ చేస్తుందని. ఇంటి పిల్లలకి మజ్జిగ లేదు గాని చెరకు మాత్రం కడుపునిండా తాగింది.

పెంటయ్యని నవ్వేసి ఊరుకోలేను. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన ఒక్కగానొక్క కొడుకు అమ్మోరు పోసే చచ్చిపోయాడు. పిల్లాడు నలతగా ఉన్నా ఆ రోజు చేలో కత్తి పట్టానని, తల్లికి కోపం అందుకే వచ్చిందని ఆయన నమ్మకం. ఆ తరువాతే గుడి పని నెత్తిన వేసుకున్నాడు. ఊళ్ళో ఇంకే పిల్లకీ అలా జరక్కూడదని ఆ రాతి బొమ్మ ముందు రోజూ చేతులు జోడించి నిలబడేవాడు. ఆయనది భయం. భయపడ్డ మనిషితో వాదించడం కంటే గోడతో వాదించడం సులువు.

మజ్జిగ తాగిన చెరకు ఎదగలేదు. గడలు సన్నంగా, కణుపులు దగ్గరదగ్గరగా, గిడసబారి నిలబడిపోయాయి. వరసల మధ్య వేసుకున్న మొక్కజొన్న మరీ ఘోరం. దానికీ అవే చారలు, కంకుల్లో సగం గింజలే లేవు. కోతలకి మాత్రం తల్లిని సెలవడిగి, కత్తులకి పసుపు రాసుకుని గడలు నరికారు. ఎస్టేటు తూకం దగ్గర మా గడలు చూసి, ఇవి చీపుళ్ళా అని అడిగారు.

అప్పుడు వ్యవసాయ శాఖ తరఫున జోసెలిన్ అనే క్రియోల్ ఆయన సైకిలు మీద వచ్చాడు. కుక్కలంటే చచ్చేంత భయం. అందుకని గుడి అరుగెక్కి, అక్కడినుంచే దీవిలో అందరికీ వచ్చిన క్రియోల్‌లో చెప్పాడు. ఇది మాలాది, అంటే జబ్బు. ఆకు రసంలో ఉంటుంది. జబ్బు గడని ముచ్చెలు కొట్టి పాతితే కొత్త మొక్కకీ వస్తుంది. చిన్న పురుగులు ఒక దుబ్బు నుంచి ఇంకో దుబ్బుకి మోస్తాయి. మందు లేదు. చారలున్న ప్రతి దుబ్బునీ వేరుతో పీకి ఎండబెట్టాలి. మంచి తోట నుంచి ముచ్చెలు తెచ్చి పాతుకోవాలి. పెంటయ్య శ్రద్ధగా విన్నాడు, కొబ్బరిబొండం కొట్టి ఇచ్చాడు, సాగనంపాడు. పాపం ఆ అబ్బాయికి తల్లి సంగతి ఏం తెలుసు అన్నాడు. అందరూ నవ్వుకుని ఇళ్ళకి పోయారు.

నాయనమ్మ మాత్రం దారిలో జోసెలిన్ సైకిలుకి అడ్డం నిలబడింది. అందరి చేలల్లోనూ మొదటి వరసే ఎందుకు చెడిందని అడిగింది. మొదటి వరస ముచ్చెలు ఎక్కడివని ఆయన అడిగాడు. నాయనమ్మ గడ్డంతో అమ్మోరి చేను వైపు చూపించింది. ఆయన గుడి మీది ఎర్రజెండాల్నీ, వేపమండల్నీ చూసి, మెడ గోక్కుని సైకిలెక్కాడు. ప్రభుత్వం పంపిన మనిషికే నోరు పెగల్లేదు.

మర్నాడు నాయనమ్మ పలుగు తీసింది.

మా అమ్మ గుమ్మంలో అడ్డం పడుకుంది. "అత్తా, పిల్లదాని మొహం సూడు. తల్లికి కోపమొస్తే నాకు ఇంకెవరున్నారు?"

"నా మొహం నువ్వు సూడు," అంది నాయనమ్మ. "సేను పోతే నీ పిల్ల ఆ గంటకి లెగాల. అది నాను బతికుండగా జరగదు." అని కోడలిని దాటుకుని వెళ్ళిపోయింది.

చారలున్న దుబ్బులన్నీ పీకింది. చెరకు దుబ్బు పీకడమంటే ముల్లంగి పీకడం కాదు. చుట్టూ తవ్వి, పలుగు కింద పెట్టి ఎత్తి, వేళ్ళు తెగేదాకా లాగాలి. పీకినవన్నీ రాళ్ళగుట్ట మీద పడేసింది. నల్లరాయికి ఎండ తగిలితే అప్పడం కాల్చుకోవచ్చు, చెరకు వేళ్ళెంత. పెంటయ్య గట్టు మీదికి వచ్చి నిలబడ్డాడు. చేలో అడుగుపెట్టలేదు.

"అప్పలమ్మా, ఒగ్గీ. తల్లి ఉన్న సోట ఇనుము ఎడతావేటి?"

"తల్లా? నా సెరకు పీల్సేసేది తల్లెలా అవుద్దన్నా? పిల్లల్ని తినే తల్లిని నానెక్కడా సూళ్ళేదు."

ఆ మాట ఆయనకి ఎక్కడ తగిలిందో నాయనమ్మకి తెలుసు. తెలిసే అంది. ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం నుంచీ ఊరు మమ్మల్ని వదిలేసింది. మా దగ్గర నాట్లకీ, కలుపుకీ ఒకళ్ళ చేలో ఒకళ్ళు సాయం చేసుకునేవాళ్ళం. మా చేలోకి ఎవరూ రాలేదు. కుళాయి దగ్గర మా అమ్మ బిందె పెడితే పక్కవాళ్ళు తమ బిందెలు వెనక్కి లాక్కునేవారు. భజనకి పిలుపు లేదు. అమ్మ ఏడ్చేది. నాయనమ్మ ఇంట్లోనే, కుళాయి దాకా వినిపించేంత గొంతుతో, పాటలన్నీ పాడేది. అలా పాడుతుంటే నాకు భలే సంతోషంగా ఉండేది.

అంతలో నాకు ఆటలమ్మ పోసింది.

ఊరికి ఇంకేం కావాలి? చెప్పలేదా అన్నారు. తల్లి లెక్క తేల్చుకుంటోంది అన్నారు. మా అమ్మ నాయనమ్మ కాళ్ళు పట్టుకుంది. పలుగు గుడిలో పెట్టి లెంపలేసుకోమంది. నాకు ఒళ్ళంతా మంట, జ్వరం, సగం తెలివి. కాని నాయనమ్మ నాకు చేసింది గుర్తుంది. గుమ్మానికి వేపమండలు కట్టింది. తాలింపు మానేసింది. వేపాకులు పరిచి పడుకోబెట్టింది. కత్తిపీట తీసి అటక మీద దాచింది. పూటపూటకీ చల్లని అంబలి పట్టించి, "అమ్మా, పసిది, సల్లగా సూడు తల్లీ," అని నా ఒంట్లో ఉన్న దేవతకి దండం పెట్టింది. ఒక్క ఆచారం తప్పలేదు. తరువాత చేతులు కడుక్కుని, పలుగు భుజాన వేసుకుని, చేలోకి వెళ్ళి మిగిలిన దుబ్బులు పీకింది.

అమ్మకి మతి పోయింది. "ఇక్కడ దండం, అక్కడ పలుగా?"

"ఇంటికొచ్చింది తల్లి, అందుకు దండం. సేలోకొచ్చింది మాలాది, దానికి పలుగు. రెండిటికీ ఒకే పేరెట్టింది మనం. ఆవిడ కాదు."

నేను లేచి తిరిగాను. కణత మీద ఒక మచ్చ మిగిలింది. తల్లి పసిదాన్ని చూసి క్షమించిందని ఊరు అంది. మా చేనువైపు మాత్రం ఎవరూ రాలేదు.

నాయనమ్మ గుడ్‌ల్యాండ్స్ అనే ఊరి దగ్గరున్న తన పిన్ని కూతురి తోట నుంచి మంచి ముచ్చెలు ఎడ్లబండి మీద తెచ్చింది. మా ఊళ్ళో అమ్మోరి ముచ్చెలు లేకుండా మొదటి వరస వేసిన మొదటి మనిషి ఆవిడే. మొలకలు వచ్చాయి. ఆకులు శుభ్రంగా, ముదురు పచ్చగా లేచాయి. నాయనమ్మ రోజూ వరసల్లో తిరిగి ఆకు ఆకూ ఎండకి ఎత్తి చూసేది. ఆ రోజుల్లో కోడి కూడా కాస్త ఊపిరి పీల్చుకుంది.

ఆ తరువాత చారలు మళ్ళీ వచ్చాయి. మొదటి వరసలో కాదు. అమ్మోరి చేను వైపున్న గట్టు వెంట. ఆవిడ పీకింది. కొన్నాళ్ళకి పక్క దుబ్బుల్లో వచ్చాయి. అవీ పీకింది. కారే కప్పు కింద నిలబడి నీళ్ళు తోడుకున్నట్టు ఉంది పని. ఒక రోజు గుట్టెక్కి కూర్చుని, అన్నం ముందు పెట్టుకుని, తినకుండా అమ్మోరి చేను వైపే చూస్తూ ఉండిపోయింది. ఆవిడ భయపడటం నేను చూసింది అప్పుడే. తన చేలో ఎంత పీకినా ఆ చేను అక్కడున్నంతకాలం మా చేను నిలవదు. మా చేను నిలవకపోతే క్యాంపే.

పెంటయ్య ఇంటికి వెళ్ళి మర్యాదగానే అడిగింది. నేను చెయ్యి పట్టుకుని పక్కనే ఉన్నాను. "అన్నా, అమ్మోరి సేను తీసేసి మంచి ముచ్చెలు ఎడదాం. ముచ్చెలు నాను తెత్తాను. సాకిరీ అంతా నాను సేత్తాను."

"అది నీ సేను కాదు. నా సేనూ కాదు. తల్లిది," అన్నాడాయన. గొంతులో కోపం లేదు. "నా కొడుకు పోయిన్నాడు నాను ఇనుము పట్టినానమ్మా. మళ్ళీ పట్టను."

నాయనమ్మ ఇంకేమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే భయపడాలని మాకు తెలుసు.

ముచ్చెలు పంచే రోజు వచ్చింది. ఊరంతా గుడి దగ్గర చేరారు. డప్పులు మోగుతున్నాయి. పెంటయ్య పసుపు కలిపిన పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. నాయనమ్మ తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, భుజాన పలుగుతో వచ్చింది. వెనకే అమ్మ, నేను. జనం దారి ఇచ్చారు, మర్యాదకి కాదు, తగలకూడదని. నాయనమ్మ పలుగు బయట ఆనించి, గుడిలోకి వెళ్ళి, అమ్మోరి ముందు సాష్టాంగపడింది. లేచి బయటకి వచ్చి, పలుగు తీసుకుని, తిన్నగా అమ్మోరి చేలోకి దిగి, మొదటి దుబ్బు కింద దించింది.

డప్పులు ఆగిపోయాయి. ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. మగవాళ్ళు నలుగురు గట్టు దాకా పరిగెత్తి, అక్కడే ఆగిపోయారు. ఇనుము దిగిన అమ్మోరి చేలో అడుగు పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. నాయనమ్మ దుబ్బు ఎత్తి, మట్టి దులిపి, గట్టు మీద జనం కాళ్ళ దగ్గర పడేసింది.

"సూసుకోండి. సార లేని ఆకు ఒక్కటుంటే సూపెట్టండి, పలుగు ఇప్పుడే పారేత్తాను."

ఎవరూ వంగలేదు. పెంటయ్య పళ్ళెం పట్టుకునే ముందుకొచ్చాడు. పసుపునీళ్ళు పంచె మీద ఒలికాయి. "అప్పలమ్మా, రేపు ఊళ్ళో ఏ పిల్లకైనా ఏదైనా అయితే? ఎవరిదే పాపం?"

"నాది," అంది నాయనమ్మ. "అందరి ముందూ సెప్తన్నాను, నాది. తల్లి వచ్చి నా సేనేదని అడిగితే, అప్పలమ్మ పీకీసిందని సెప్పు. మా ఇల్లు ఆవిడకి తెలుసు. మొన్ననే వచ్చి ఎల్లింది."

అందరూ నా కణత వైపు చూశారు. నాకు సిగ్గేసి అమ్మ కొంగు వెతుక్కున్నాను, అమ్మ పక్కన లేదు. గుమ్మంలో అడ్డం పడుకున్న మనిషి, కుళాయి దగ్గర ఏడ్చిన మనిషి, చీర కుచ్చిళ్ళు దోపుకుని అమ్మోరి చేలోకి దిగింది. వంగి రెండో దుబ్బు పట్టుకుంది. ఆ రోజు అమ్మని చూస్తే నాకు గర్వంతో ఏడుపొచ్చింది.

అప్పుడు డప్పులవాళ్ళలో ఒక పెద్దాయనకి ఉపాయం తోచింది. తల్లిని పొలిమేర దాటించి సాగనంపే దరువు ఒకటి ఉంది. అది కొడదాం, పీకినట్టు కాదు సాగనంపినట్టు ఉంటుంది అన్నాడు. జనానికి ప్రాణం లేచి వచ్చింది. పెంటయ్య కూడా తలూపాడు. డప్పు మీద కర్ర పడబోయింది.

"ఆపండి!" అని అరిచింది నాయనమ్మ. "తల్లి గుడిలో ఉంది. కొడితే అటు తిరిగి ఆవిడకి కొట్టండి. ఈ మాలాదికి డప్పు కొట్టారో, డప్పు సింపేత్తాను. దీనికి దండాలెట్టి, మజ్జిగ పోసి, మీరే పెంచినారు. ఇంకా మేళం కూడానా?"

కర్ర గాల్లోనే ఆగిపోయింది. నాయనమ్మ ఇంకెవరి వైపూ చూడకుండా పనిలో పడింది. పలుగు రాయికి తగిలిన చప్పుడు, వేళ్ళు తెగిన చప్పుడు. ఇద్దరు ఆడవాళ్ళు, అంత చేను, గట్టు నిండా నిలబడ్డ జనం. పొద్దు నెత్తికెక్కింది. ఎవరూ ఇంటికి పోలేదు, ఎవరూ దిగలేదు.

పెంటయ్య పసుపు పళ్ళెం కింద పెట్టాడు. పైగుడ్డ తీసి దాని మీద కప్పాడు. గట్టు దిగి నాయనమ్మ పక్కకి వచ్చి ఒక దుబ్బు ముందు నిలబడ్డాడు. పెదాలు కదులుతున్నాయి, అమ్మోరి పేరో కొడుకు పేరో నాకు వినబడలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతుల్తో ఆకులు పట్టుకుని లాగాడు. ఆకులు తెగి చేతుల్లోకి వచ్చాయి. దుబ్బు కదల్లేదు.

నాయనమ్మ పలుగు ఆయన దుబ్బు కింద దించి, దాని మీద తన బరువంతా వేసింది.

"అలాక్కాదు పెంటన్నా," అంది. "కిందకంటా పట్టు. కళ్ళు తెరువు. సూసి పీకు."